వాటిని తెలిసికొనుట మీ పని కాదు: రాకడ సభల ప్రసంగీకులకు ఒక బహిరంగ లేఖ

అంత్యదినాల ప్రవచన సభలు పెడుతున్న దైవసేవకులకూ, వాటికి మైదానాలూ మైకులూ సర్దుతున్న సంఘ పెద్దలకూ ప్రభువు నామంలో వందనాలు.

నేను తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్లో పుట్టినవాణ్ణి. హైస్కూల్లో సోషల్ చెప్తాను, ఆదివారాలు సండే స్కూల్లో బైబిలు చెప్తాను. యేసు ప్రభువు రెండో రాకడను, అంటే ఆయన మళ్లీ వస్తాడన్న మాటను నమ్ముతాను. ఈ మాట ముందే ఎందుకంటే, కింద రాసింది చదివాక "ఈ మాస్టారికి విశ్వాసం పోయింది" అనేసి పక్కన పెట్టేయడం చాలా తేలిక. విశ్వాసం పోతే ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

పోయిన నెల మా పక్క టౌన్లో మూడు రాత్రులు సభలు జరిగాయి. రెండో రాత్రి స్టేజీ పక్కన ఎల్‌ఈడీ తెర మీద 2025 జూన్ నాటి వీడియోలు వేశారు. చీకట్లో ఇరాన్ క్షిపణులు టెల్ అవీవ్ వైపు రాలుతున్నాయి, వెనకాల కీబోర్డు మ్యూజిక్కు. "యెహెజ్కేలు ముప్ఫై ఎనిమిది మొదలైపోయింది! ఎంతమంది సిద్ధంగా ఉన్నారు?" అని ప్రసంగీకులు అడగ్గానే మైదానమంతా చప్పట్లు, హల్లెలూయాలు. అంత్యదినాల్లో గోగు అనేవాడు ఇశ్రాయేలు మీదికి దండెత్తి వస్తాడని చెప్పే అధ్యాయం అది. నా పక్క కుర్చీలో మా అమ్మ. ఆ జూన్‌లో క్షిపణులు పడ్డ ఊళ్లలో రమత్ గన్ ఒకటి. మా పిన్ని ఉండేది అక్కడే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవరింటి మీద పడిందో ఏమో" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. కాసేపాగి లేచి వచ్చేశాం.

పిన్ని పదహారేళ్లుగా ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచీ, మన కోస్తా నుంచీ వెళ్లి అక్కడ ముసలివాళ్లని చూసుకుంటున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. పిన్ని చూసుకునే పెద్దావిడకి ఎనభై అయిదు దాటాయి. హీబ్రూలో అమ్మమ్మని సవ్తా అంటారు, పిన్ని కూడా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. సవ్తా పుట్టింది బాగ్దాద్‌లో. 1950లో ఇరాక్ ప్రభుత్వం, దేశం విడిచి వెళ్లాలనుకునే యూదులు పౌరసత్వం వదులుకుని వెళ్లొచ్చని చట్టం చేసింది. మరుసటి ఏడాది, అలా పేరు రాయించుకున్నవాళ్ల ఆస్తులన్నీ స్తంభింపజేసింది. లక్షా ఇరవై వేలమంది దాకా విమానాల్లో ఇజ్రాయెల్ చేరారు. ఆ తరలింపుకు పెట్టిన పేరు, బబులోను చెర తర్వాత యూదుల్ని యెరూషలేముకు నడిపించిన ఎజ్రా, నెహెమ్యాలది. ఆ పేర్లలో ఉన్న అర్థం మీకు నేను చెప్పక్కర్లేదు. క్రీస్తు పూర్వం 538లో పారసీక రాజు కోరెషు వెళ్లమన్నా వెళ్లకుండా బబులోనులో ఉండిపోయినవాళ్ల సంతానం, రెండున్నర వేల ఏళ్ల తర్వాత, ఒక పెట్టెతో విమానం ఎక్కింది. సవ్తాకి అప్పుడు పదకొండేళ్లు.

మన సభల్లో "యూదులు స్వదేశానికి తిరిగివచ్చిరి" అనే ఒక్క వాక్యంలో అయిపోయేది ఆవిడ నోట వేరుగా ఉంటుంది. దిగగానే వాళ్ల ఒంటిమీద డీడీటీ పొడి కొట్టారు. తర్వాత గుడారాల క్యాంపు. వానాకాలంలో గుడారంలోకి బురద. వాళ్లమ్మ బాగ్దాద్ బియ్యాన్ని తల్చుకుని ఏడ్చేదట. ఆ ఇంట్లో ఇప్పటికీ వంకాయ వేపుడు, ఉడికించిన గుడ్డు రొట్టెలో పెట్టుకుని, మీద అంబా అనే పచ్చని పులుసు పోసుకుని తింటారు. అంబా అంటే మామిడికాయ పచ్చడే. బొంబాయిలో వ్యాపారం చేసిన బాగ్దాదీ యూదుల ద్వారా మన దేశం నుంచి ఇరాక్ వెళ్లి, అక్కణ్ణుంచి వాళ్లతో ఇజ్రాయెల్ వచ్చింది. "మన ఆవకాయ ముందు అదేం లెక్కలే" అంటుంది పిన్ని. అయినా రోజూ తింటుంది.

ఒకరోజు పిన్ని వంట చేసుకుంటూ ఫోన్లో మన తెలుగు ప్రసంగం ఒకటి పెట్టుకుంది. ఇశ్రాయేలు, యెరూషలేము అన్న పేర్లు వినబడి సవ్తా "ఏం చెప్తున్నారు?" అని అడిగింది. పిన్ని వచ్చినంతలో చెప్పుకొచ్చింది. యూదులు తిరిగి రావడం ప్రవచనం నెరవేర్పని, దేవాలయం కడతారని, తర్వాత ఏడేళ్ల శ్రమకాలమని, జెకర్యా 13లో ఉన్నట్టు అప్పుడు మూడింట రెండు వంతుల యూదులు చనిపోతారని. జెకర్యా మాటలు సవ్తాకి హీబ్రూలోనే వచ్చు. అంతా విని, "నేను ఆ రెండు వంతుల్లోనా, మూడో వంతులోనా?" అని అడిగింది. పిన్ని ఫోను ఆపేసింది.

అయ్యగార్లూ, నా ఫిర్యాదు ఇదే. మనం యూదుల్ని ప్రేమిస్తున్నాం అంటాం. 122వ కీర్తన చదివి యెరూషలేము క్షేమం కోసం ప్రార్థిస్తాం. కానీ మీలో కొందరి బోధలో యూదుడు మనిషి కాదు, గడియారంలో ముల్లు. ఎక్కడి దాకా వచ్చాడో చూసి మన టైము ఎంతైందో చెప్పుకుంటాం. ఆ ముల్లు పన్నెండు దాటాక దానికేమవుతుందో మన సభల్లో అడిగేవాళ్లు లేరు.

యూదుల తిరిగిరాక మీద తప్పుడు తేదీ చెప్పినవాడు బైబిల్లోనే ఉన్నాడు. యిర్మీయా 28 తీయండి. సిద్కియా రాజు కాలంలో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో నిలబడి, రెండేళ్లలోపల చెరపట్టబడినవాళ్లంతా తిరిగి వచ్చేస్తారని, దేవాలయపు పాత్రలు కూడా వచ్చేస్తాయని ప్రకటించాడు. బబులోనుకు లొంగి ఉండాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. జనానికి ఎంత నచ్చి ఉంటుందో ఊహించుకోండి. యిర్మీయా ఏమన్నాడు? "ఆమేన్, దేవుడు అలాగే చేయుగాక" అన్నాడు. తనకీ అదే కావాలి మరి. కానీ దేవుడు తనతో చెప్పింది డెబ్భై ఏళ్లు. వెంటనే వచ్చే అధ్యాయంలో చెరలో ఉన్నవాళ్లకి ఆయన రాసిన ఉత్తరం ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. తిరిగిరాక గురించిన ప్రవచనం ఉన్న ఉత్తరంలోనే ఈ మాటలున్నాయి. డెబ్భై ఏళ్ల వాక్యం మీద ప్రసంగాలు ఎన్నో విన్నాను. తోటల మీద ఒక్కటీ వినలేదు.

ఈ హనన్యా కథ నాకు మా ఇంటి కథలా ఉంటుంది.

1988లో నాకు పన్నెండేళ్లు. మా ఊరికి ఒక ప్రసంగీకులు వచ్చారు. ఏ సంఘమో, ఎవరో చెప్పను, ఆయన ఇప్పుడు లేరు. గుడ్డ మీద రంగులతో గీసిన యుగాల పటం వేలాడదీశారు. ఎడమ చివర ఏదెను, కుడి చివర అగ్నిగుండం, మధ్యలో సిలువ, కాస్త ఇవతల మేఘాల్లోకి ఎగిరిపోతున్న తెల్లబట్టల మనుషులు. ఆ పటం నాకు ఎంత నచ్చిందంటే రాత్రి కలలోకి వచ్చింది. మత్తయి 24లోని అంజూరపు చెట్టు ఇశ్రాయేలు, అది చిగిర్చింది ఇజ్రాయెల్ దేశం ఏర్పడిన 1948, "ఈ తరము గతింపదు" అన్నారు కాబట్టి తరమంటే నలభై ఏళ్లు, నలభై ఎనిమిదికి నలభై కలిపితే ఎనభై ఎనిమిది. అమెరికాలో ఆ ఏడాదే ఒక మాజీ నాసా ఇంజనీరు 88 కారణాలు చూపించి, సెప్టెంబరు 11–13 మధ్య సంఘం ఎత్తబడుతుందని, అంటే విశ్వాసులు ఆ పటంలోలా మేఘాల్లోకి వెళ్లిపోతారని, చిన్న పుస్తకం వేశాడని తర్వాత ఎప్పుడో తెలిసింది. మా ఊరికి చేరినవి ఆ కారణాలేనో, వేరేవో. మొత్తానికి సెప్టెంబరే.

అక్క ఆ ఏడాది ఇంటర్ పాసైంది. టీటీసీలో సీటు వచ్చింది. ఫీజు గడువు ఆగస్టు నెలాఖరు. నాన్న కట్టలేదు. కట్టొద్దని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మీరు అనబోయేది కూడా అదే. నిజమే, స్టేజీ మీద ఎవరూ "ఫీజు కట్టకండి" అనరు. వినేవాడే లెక్క వేసుకుంటాడు. సెప్టెంబరు వచ్చింది, పోయింది. ప్రసంగీకులు ఉత్తరం ముక్క కూడా రాయలేదు. అక్క ఇప్పుడు మా స్కూల్లోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. నేను స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటాను. నాన్న పోయాక ఆయన బైబిలు నాకొచ్చింది. మత్తయి 24 పక్కన నీలం సిరాతో "1948+40" అని ఉంది. కొట్టేయలేదు. అలాగే వదిలేశారు.

యూదులకీ ఇలాంటి ఏడాది ఉంది. 1665–66లో షబ్బతయి జ్వీ అనే ఆయన్ని మెస్సీయ అనుకుని పోలండ్ నుంచి యెమెన్ దాకా యూదులు ప్రయాణానికి సిద్ధమయ్యారు. హాంబర్గ్‌లోని ఒక యూదు వర్తకుల ఇంటి కోడలు తన జ్ఞాపకాల్లో రాసుకుంది. వాళ్ల మామగారు వాగ్దాన దేశానికి ఓడ ఎక్కడమే తరువాయి అనుకుని, రెండు పీపాల నిండా బఠానీలు, చిక్కుడు గింజలు, ఎండుమాంసం, బట్టలు నింపి వీళ్లింటికి పంపించారట. 1666 సెప్టెంబరులో ఒట్టోమన్ సుల్తాను ముందు షబ్బతయి తలపాగా చుట్టుకుని ఇస్లాం పుచ్చుకున్నాడు. పీపాలు మాత్రం ఆ ఇంట్లో చాలాకాలం అలాగే ఉండిపోయాయి. ఆ పీపాల దగ్గరికి వచ్చేసరికి నాకు అక్క ఫీజు గుర్తొచ్చింది.

ఇలాంటి దెబ్బలు తిన్నారు కాబట్టే రబ్బీలకి, అంటే యూదుల మతబోధకులకి, ఈ లెక్కలంటే భయం. షబ్బతయికి చాలా ముందే, రెండో శతాబ్దంలో రోము మీద తిరుగుబాటు నడిపిన బార్ కోఖ్బాను రబ్బీ అకీవా చూసి ఇతనే మెస్సీయ రాజు అన్నప్పుడు, ఇంకో రబ్బీ "అకీవా, నీ దవడల మీద గడ్డి మొలుస్తుంది, అప్పటికీ దావీదు కుమారుడు రాడు" అన్నాడు. రబ్బీల బోధలూ చర్చలూ ఉన్న తాల్ముదు గ్రంథంలో ఇంకా ఘాటైన మాటుంది. అంతాన్ని లెక్క కట్టేవాళ్ల ఎముకలు కుళ్లిపోను అని. కారణం కూడా అక్కడే చెప్పారు: చెప్పిన వేళకి ఆయన రాకపోతే జనం ఇక ఎప్పటికీ రాడనుకుంటారు. మా అక్క ఇప్పుడు చర్చికి రాదు. ఎందుకని నేను అడగను.

మన యేసు ప్రభువు ఇంకా మెత్తగా చెప్పారు. పునరుత్థానం తర్వాత శిష్యులు అడిగిన ప్రశ్న సరిగ్గా మన సభల పోస్టర్ మీదున్న ప్రశ్నే: ఇశ్రాయేలుకు రాజ్యం మళ్లీ ఇచ్చేది ఈ కాలంలోనేనా? దానికి జవాబు అపొస్తలుల కార్యములు 1:7లో ఉంది. "కాలములను సమయములను తండ్రి తన స్వాధీనమందుంచుకొని యున్నాడు, వాటిని తెలిసికొనుట మీ పని కాదు." ఇంత సూటి తెలుగు బైబిల్లో ఇంకెక్కడైనా ఉందా?

లెక్క తగిలినవాడు ఎవరూ లేరా అంటే, తగిలినట్టు కనబడేవాడు ఒకాయన ఉన్నాడు. ఆయన పుట్టింది మన కాశీలో. విలియం హెష్లర్, 1845లో వారణాసిలో ఒక జర్మన్ మిషనరీకి పుట్టిన కొడుకు. తర్వాత వియన్నాలో బ్రిటిష్ రాయబార కార్యాలయ చాప్లిన్. ఏడో శతాబ్దంలో ఖలీఫా ఉమర్ జెరూసలేం తీసుకున్న ఏడాదికి ప్రకటన గ్రంథంలోని 42 నెలలను, అంటే 1260 రోజులను, రోజుకో ఏడాది చొప్పున 1260 ఏళ్లుగా కలిపి, 1897–98లో యూదుల పునరుద్ధరణ మొదలవుతుందన్నాడు. 1896లో, యూదులకు సొంత దేశం కావాలని థియోడర్ హెర్జల్ రాసిన కరపత్రం చదివి, వెతుక్కుంటూ ఆయన ఇంటికి వెళ్లాడు. 1897 ఆగస్టులో బాసెల్‌లో మొదటి జియోనిస్టు మహాసభ జరిగింది. హెష్లర్ మీద నాకు గౌరవమే. తేదీ చెప్పి ఊరుకోలేదు, తన పరపతి అంతా పెట్టి హెర్జల్‌ని జర్మన్ ప్రభువులకి పరిచయం చేశాడు. కానీ ఆయన ఎదురుచూసింది ఒక మహాసభ కోసం మాత్రమే కాదు, మెస్సీయ కోసం. అది 1931లో ఆయన చనిపోయేదాకా జరగలేదు. తగిలిన సగం చెప్పి, తగలని సగం దాచేస్తే లెక్కలన్నీ తగులుతాయి.

ఇక యుగాల పటం సంగతి. పాత నిబంధన అంత పాతది అన్నట్టు దాన్ని చూపిస్తుంటారు. సంఘం రహస్యంగా ఎత్తబడటం, ఏడేళ్ల శ్రమలు, ఇశ్రాయేలుకు ఒక దారి, సంఘానికి ఒక దారి అన్న ఈ వరస ఐర్లండ్, ఇంగ్లండ్‌లలో 1830ల్లో జాన్ నెల్సన్ డార్బీ చేతుల్లో రూపం కట్టింది. 1909లో స్కోఫీల్డ్ తన బైబిలు అడుగున నోట్సుగా వేసేసరికి ప్రపంచమంతా పాకింది. వాక్యమేదో నోటు ఏదో చాలామందికి తేడా తెలియకుండా పోయింది. డార్బీ ఉన్న సమాజాన్ని బ్రదరన్ అంటారు. మన గోదావరి డెల్టాకి ఆ బ్రదరన్ వాళ్లతో పాత చుట్టరికమే. ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట బౌడెన్, బీర్ దంపతులు 1836లో ఓడ దిగి మన తీరానికి వచ్చారు. వాళ్లు చేసిన సేవకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. అదే 1836లో గ్రోవ్స్ తన పాత స్నేహితుడు డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. మీరు క్రీస్తు జీవాన్ని బట్టి కలవడం మానేసి, ఎదుటివాళ్ల తప్పుల్ని ఖండించడమే గుర్తుగా పెట్టుకుంటున్నారని అందులో మందలించాడు. కాబట్టి నా ఈ ఉత్తరం కొత్త పనేం కాదు.

పటం కొత్తదైనంత మాత్రాన తప్పని నేను అనను. కానీ పటాన్ని బట్టి వాక్యం చదువుతుంటే ఏం జరుగుతుందో చూడండి.

యెహెజ్కేలు 37, ఎండిన ఎముకల లోయ. మన సభల్లో ఇది నేరుగా 1948కి వెళ్లిపోతుంది. నాజీ మరణ శిబిరాల ఫొటోలు వేసి, పక్కన ఇజ్రాయెల్ జెండా వేస్తారు. అసలు ఆ మాటలు ముందు ఎవరు విన్నారు? యెహెజ్కేలు బబులోనులో, కెబారు నది దగ్గర, తేలాబీబు అనే చోట చెరలో ఉన్నవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. దేవాలయం కూలిందని కబురు వచ్చింది. మన ఎముకలు ఎండిపోయాయి, మన ఆశ పోయింది అని వాళ్లు అనుకుంటున్నారు. పదకొండో వచనంలో ఈ మాట ఉంది. ఆ ఏడుపుకి జవాబు ఆ దర్శనం. తర్వాత జెరుబ్బాబెలు వెంట తిరిగి వెళ్లినవాళ్లు 42,360 మంది అని ఎజ్రా తల లెక్కతో సహా రాశాడు. దేవాలయం మళ్లీ లేచింది. ఆ నెరవేర్పు ఒక్క మాట కూడా చెప్పకుండా ఎలా దాటిపోతాం? తేలాబీబు పేరు ఎక్కడో విన్నట్టుందా? టెల్ అవీవ్ అదే. ఇజ్రాయెల్‌లో ఇవాళ అంత పేరున్న నగరానికి, 1910లో, చెరలో ఉన్నవాళ్ల కాలనీ పేరు యెహెజ్కేలు గ్రంథంలోంచి తీసి పెట్టారు. బాగ్దాద్‌లో పుట్టిన సవ్తా ఆ టెల్ అవీవ్‌కి కూతవేటు దూరంలో ఉంది. సభలో తెర మీద వేయాల్సింది క్షిపణులు కాదు, ఇది.

అవును, యెషయా 11:11లో "రెండవమారు" అని ఉంది. ఆమోసు చివర్లో ఇక పెల్లగింపబడరని ఉంది. వీటి బరువు నాకు తెలుసు. బబులోను తిరిగిరాకతో ఇవన్నీ పూర్తిగా సరిపోవు, అందుకే నిజాయితీపరులైన పండితులు రెండువైపులా ఉన్నారు. ఆ తేడాను జనానికి చెప్పండి. చెబితే ఎవరి విశ్వాసమూ పోదు.

అంజూరపు చెట్టు సంగతి ఇంకా చిన్నది. లూకా 21:29 చదవండి: "అంజూరపు వృక్షమును సమస్త వృక్షములను చూడుడి." అంజూరం ఇశ్రాయేలు అయితే సమస్త వృక్షాలు ఎవరు? చెట్లు చిగిరిస్తే ఎండాకాలం వస్తుందని పల్లెటూరివాడికి తెలిసిన సంగతే ఆయన చెప్తున్నారు. ఆ చెట్టుకి 1948 కట్టి, నలభై దాటిపోతే 1967 నుంచి లెక్కపెట్టి, అదీ దాటిపోతే 90వ కీర్తన తెచ్చి డెబ్భై అని, ఇప్పుడు ఎనభై అని 2028 దాకా లాక్కొస్తున్నాం. అసలు మత్తయి 24లో "ఈ తరము గతింపదు" అన్న వచనం తర్వాత రెండో వచనంలోనే, ఆ దినమూ గడియా "కుమారుడైనను" ఎరుగరని ఉంది. కుమారుడికే తెలియదన్నది మన వక్తకి ఎలా తెలిసిందో.

ఇక యెహెజ్కేలు 38లోని గోగు, మాగోగు. రోషు, మెషెకు, తుబాలులకు అధిపతి, మాగోగు దేశపువాడు గోగు అని అక్కడ ఉంది. లూథర్ కాలంలో గోగు అంటే తురుష్కులు. కోల్డ్ వార్‌లో సోవియట్ యూనియన్. రోషు అంటే రష్యా, మెషెకు అంటే మాస్కో అని నా చిన్నప్పుడు నోట్సు రాసుకున్నాను. హీబ్రూలో రోష్ అంటే తల. యూదుల సంవత్సరాదిని రోష్ హషానా, అంటే ఏడాది తల అంటారు. మాస్కోకి పేరు వచ్చింది మోస్క్వా నది నుంచి. మెషెకు, తుబాలు ఎవరో యెహెజ్కేలే 27వ అధ్యాయంలో చెప్పాడు: తూరుతో ఇత్తడి పాత్రలూ బానిసల వర్తకం చేసేవాళ్లు, ఇప్పటి టర్కీ వైపు జనాలు. చప్పుడు కలిసిందని దేశాలు కలిపేస్తే తునికి టికెట్ తీసుకుని ట్యునీషియాలో దిగాలి.

అమెరికాలో మిల్లర్ అనుచరులు నమ్మిన 1844 అక్టోబరు 22, రేడియో బోధకుడు క్యాంపింగ్ చెప్పిన 2011 మే 21, రక్తచంద్రుల 2015 సెప్టెంబరు, దక్షిణాఫ్రికా బోధకుడొకాయన చెబితే రీల్స్‌లో ఊగిపోయిన 2025 సెప్టెంబరు 23. ఇవన్నీ తప్పిపోయిన తేదీలేనని మీకు తెలుసు. 2022లో టెక్సస్ నుంచి ఇజ్రాయెల్‌కి, కొత్త దేవాలయానికి ముందు శుద్ధికి కావాలనే అయిదు ఎర్ర పెయ్యల్ని విమానంలో తెచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపులు ఎంత వేడెక్కాయో కూడా తెలుసు. వాటి గురించి ఇంక రాయను, విసుగొస్తోంది.

నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఇరవై శతాబ్దాలు చెదిరిపోయి, అన్ని ఊచకోతలు తట్టుకుని, ప్రార్థనలకే మిగిలిన భాషను మళ్లీ వీధుల్లో మాట్లాడుతున్న జనం ఇంకొకటి చూపించమంటే సోషల్ మాస్టారిగా నా దగ్గర జవాబు లేదు. ఇందులో దేవుడి చెయ్యి లేదని అనలేను. అయితే మనుషుల చేతులూ కనబడతాయి. పాలస్తీనాలో యూదులకు స్వస్థలం ఏర్పరచడానికి బ్రిటన్ మద్దతు తెలిపిన 1917 బాల్ఫోర్ ప్రకటన, ఆ యుద్ధంలో పాలస్తీనాకి వెళ్లిన సైన్యంలో నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు, హిట్లర్, పాలస్తీనా విభజన మీద 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితిలో 33–13 ఓటింగు. ఆ 13లో మన దేశం ఒకటి. ఇరాక్ చట్టం, 1991లో ముప్ఫై ఆరు గంటల్లో ఇథియోపియా నుంచి తెచ్చిన పద్నాలుగు వేలమంది, సోవియట్ కూలాక వచ్చిన లక్షలు. రోమా 11లో పౌలు దీన్ని మర్మం అన్నాడు. వేరు మనల్ని మోస్తోంది గాని మనం వేరును మోయడం లేదు, అతిశయపడొద్దు అన్నాడు. ఇంతవరకూ నాకు చాలు.

1948లోనే ఏడు లక్షలమంది పాలస్తీనీయులు ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. వాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. మన యాత్రికులు బేత్లెహేములో ఒలీవ కర్ర సిలువలు కొనుక్కొచ్చి ఇంటింటికీ పంచుతారు, ఆ అమ్మినవాడు ఎవరో అడగరు. మన గుంటూరులో లూథరన్లు ఉన్నట్టే అక్కడా ఉన్నారు. 2023 క్రిస్మస్‌కి బేత్లెహేములోని లూథరన్ చర్చిలో బాలయేసును పశువుల తొట్టిలో కాకుండా కూలిన ఇంటి రాళ్లమధ్య పడుకోబెట్టారు. 2023 అక్టోబరు 7న హమాస్ దాదాపు 1,200 మందిని చంపింది. ఆ రోజు పిన్ని ఇంట్లోని మమాద్‌లో, అంటే బాంబుల గదిలో, సవ్తా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అదే నెల 19న గాజాలో పాత ఆర్థొడాక్స్ చర్చి ఆవరణలో తలదాచుకున్న క్రైస్తవులు బాంబుదాడిలో చనిపోయారు. మొదటి సంగతి మన సభల్లో చెప్పారు. రెండోదానికి ప్రార్థన కూడా చేయలేదు. అలాగని యూదులు క్రీస్తును చంపినవాళ్లు, శాపగ్రస్తులు అంటూ రెండోవైపు నుంచి వస్తున్న వీడియోలు నాకు ఇంకా అసహ్యం. ఆ మాట వెయ్యేళ్లు మోగిన చోటే హిట్లర్‌కి నేల దొరికింది.

తిరిగిరాక గురించి అడగాలంటే మన పక్కనే మనుషులున్నారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని నమ్మే తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లు సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ ప్రార్థనలు చేస్తారు. తాము మనష్షే గోత్రం వాళ్లమని నమ్మే మణిపూర్, మిజోరంల బ్నెయ్ మెనాషేను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు గుర్తించారు, వేలమంది వెళ్లారు. మన వాళ్లకి ఆ గుర్తింపు రాలేదు. "పది గోత్రాలు తిరిగి వచ్చుచున్నవి" అని గుంటూరులో మైకు పట్టుకుని అరిచే మనం, ఎప్పుడైనా ఒక సైకిలు దూరంలో ఉన్న ఆ ఊరు వెళ్లి, అన్నా, మీ సంగతేమిటి అని అడిగామా?

కాబట్టి మీ నుంచి నాకు కావలసింది పెద్దదేం కాదు. తేదీ చెప్పినవాళ్లు, తప్పితే, అదే స్టేజీ ఎక్కి తప్పిందని చెప్పాలి. ద్వితీయోపదేశకాండం 18:22లో జరగని మాట చెప్పిన ప్రవక్త అహంకారంతో చెప్పాడని, అతనికి భయపడొద్దని ఉంది. సండే స్కూలు పిల్లలకి నేను ఈ వచనం కంఠతా పట్టిస్తున్నాను, ముందే చెప్తున్నాను. యెహెజ్కేలు చెప్పేముందు కెబారు నది చెప్పండి. జెకర్యా 13 చెప్పేటప్పుడు ఎదురుగా సవ్తా కూర్చుని ఉందనుకుని చెప్పండి. మనుషుల ఇళ్ల మీద బాంబులు పడే వీడియోలకి కీబోర్డు వాయించొద్దు. డబ్బు వసూళ్లు "రాకడ సమీపం" ప్రసంగం అయిన వెంటనే పెట్టొద్దు. రాకడ అంత సమీపమైతే కొత్త హాలుకి ఇరవై ఏళ్ల లోను ఎందుకని మా పిల్లలే అడుగుతున్నారు, నాకు జవాబు తోచడం లేదు.

డిసెంబరులో పిన్ని సెలవు మీద వస్తోంది. మీ తర్వాతి సభలు క్రిస్మస్ లోపు ఉంటే ఒక పది నిమిషాలు మైకు ఆవిడకివ్వండి. ప్రసంగం చేయడం రాదు. బాగ్దాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి గుడారంలో బురద ఎత్తిపోసిన సంగతి మాత్రం చెప్పగలదు. సవ్తా మన కోసం అంబా సీసా పంపిస్తానందట. ఆవకాయతో పోల్చి ఏది బాగుందో నిజం చెప్పమంది.

ఇట్లు,
తెనాలి దగ్గర్లోని ఒక సండే స్కూలు మాస్టారు